క్లాసిక్ 350కి ఎక్స్‌ట్రా లైట్లు, విడి స్విచ్‌లు: మూడేళ్లు వాడాక

నా డ్యూటీ సూర్యాపేటలో, ఇల్లు కోదాడలో. రానూపోనూ 90 కిలోమీటర్ల దాకా అవుతుంది, దాదాపు అంతా 65వ నంబరు జాతీయ రహదారి మీదే, ఏదో ఒక పూట చీకటి తప్పదు. బండి 2018 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. మూడేళ్ల కింద దీనికి లెగ్ గార్డ్ మీద 20 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు, హ్యాండిల్ మీద వాటికో స్విచ్, హజార్డ్‌కి, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకోవడానికి, ఇంకో స్విచ్ పెట్టించాను. లైట్ల జత 2,400, రిలే వైరింగ్ 650, స్విచ్‌లు రెండూ కలిపి 500 అయ్యాయి. ఆ స్విచ్‌లలో ఒకటి ఏడాది కూడా నిలవలేదు, అది తర్వాత చెప్తాను.

ముందు ఎందుకు పెట్టించానో చెప్పాలి. ఇది సాగర్ ఎడమ కాలువ కింది ప్రాంతం, కోతలు మొదలైతే రోడ్డంతా వడ్ల ట్రాక్టర్లు, హార్వెస్టర్లే. వెనక లైటు లేని ట్రాలీలు, డివైడర్ తెరిచిన చోటు దూరమని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవాళ్లు, ఒక లేన్‌లో ఆరబోసిన వడ్లు, అవి జారకుండా అంచున పెట్టిన రాళ్లు. ఎదుటి నుంచి లారీ హై బీమ్ పడిందంటే ఆ రెండు మూడు సెకన్లు మన హెడ్‌లైట్ ఉన్నా లేనట్టే, రోడ్డు అంచు మాయమైపోతుంది. నాకు కావాల్సింది దూరం వెలుగు కాదు, ముందు చక్రానికి ఎడమ పక్క ఉన్న ఆ తెల్ల గీత.

మొదటిసారి వైరింగ్ చేసిన మెకానిక్ కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చేశాడు. బండి తాళంచెవి తీసేసినా లైట్లు వెలుగుతాయన్నమాట. ఒక రాత్రి ఇంటికొచ్చి బండి పెట్టి స్విచ్ ఆపడం మర్చిపోయాను, పొద్దున ఐదింటికి బ్యాటరీ పూర్తిగా పడిపోయింది, ఆ రోజు బస్సులో వెళ్లాను. తర్వాత ఇంకొకాయన దగ్గర మొత్తం విప్పించి సరిగ్గా చేయించుకున్నాను. రిలే అంటే చిన్న సిగ్నల్ అందగానే పెద్ద కరెంటుని కలిపే డబ్బా, దాని పిన్నులకి నంబర్లుంటాయి. లైట్ల కరెంటు బ్యాటరీ నుంచి 10 ఆంప్స్ ఫ్యూజు దాటి రిలే 30వ పిన్నుకి వస్తుంది, 87 నుంచి లైట్లకి పోతుంది, 85 ఎర్త్. హ్యాండిల్ మీది స్విచ్ కేవలం 86కి సిగ్నల్ ఇస్తుంది, ఆ సిగ్నల్ తాళంచెవి తిప్పి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు నుంచి తీసుకున్నాం. 40 వాట్లు అంటే 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంప్స్ లోపే, పెద్ద లోడేమీ కాదు, కానీ ఆ కరెంటంతా చిన్న స్విచ్‌లోంచి పోతే లోపలి కాంటాక్టులు కాలిపోతాయి. మీరు పెట్టించుకునేటప్పుడు మెకానిక్‌ని మొదట ఒకటే అడగండి: తాళంచెవి తీస్తే లైటు ఆరుతుందా? ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉందా అన్నది కూడా చూసుకోండి, దూరంగా పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడదు.

వైరు ఒరుసుకునేది హ్యాండిల్ తిరిగే చోటే. నాది కూడా రెండో ఏడాది అక్కడే తొడుగు చిరిగి రాగి బయటపడింది. హ్యాండిల్ పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకి తిప్పి చూసి, కాస్త వదులుగా ఉంచి, పైన స్లీవ్ వేసి కట్టించాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

ఇక ఆ పోయిన స్విచ్. పైన చిన్న నీలం దీపం వెలిగే రకం, చూడ్డానికి భలే ఉండేది. జూలై వానలో ఒకరోజు లైట్లు ఆపుదామని నొక్కితే ఆగలేదు. విప్పి చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి రెండు రేకులూ అతుక్కుపోయాయి. వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసి ఉంది. దాని స్థానంలో రబ్బరు తొడుగున్న మామూలు బటన్ పెట్టాను, దీపం లేదు, సోకు లేదు, కానీ గ్లవ్స్ వేసుకున్నా బొటనవేలికి గట్టిగా తగులుతుంది. ఎడమ గ్రిప్ పక్కనే, హై, లో బీమ్ మార్చే డిప్పర్ స్విచ్ దాటిన వెంటనే ఉంటుంది. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద, బ్రేక్ మీద ఉండాలి కాబట్టి స్విచ్ ఎడమ వైపే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఎదురు బండి రాగానే చెయ్యి గ్రిప్ మీంచి తియ్యకుండా ఆపగలగాలి. అలా ఆపలేని లైటు అసలు పెట్టకపోవడమే మేలు.

నా లైటు ఎదుటివాళ్లని ఎంత ఇబ్బంది పెడుతుందో నాకు ఒక లారీ డ్రైవర్ చెప్పాడు. మునగాల దగ్గర టీ కొట్టు, తెల్లవారుజాము. నా బండి చూసి దగ్గరికొచ్చి, "తమ్ముడూ, ఇందాక ఎదురొచ్చింది నువ్వేనా? నీ లైటు కళ్లల్లో కొట్టి నాకు రోడ్డే కనపడలా" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. అదే రోజు సాయంత్రం బండిని గోడకి 25 అడుగుల దూరంలో నిలబెట్టి, నేనెక్కి కూర్చుని, లైటు ఎత్తులో గోడ మీద మా బావమరిదితో సుద్దగీత గీయించి, వెలుగు పైఅంచు ఆ గీతకి నాలుగైదు అంగుళాల కింద పడేలా వంచాను. అప్పటి నుంచి ఎవరూ నాకు డిప్పర్ కొట్టలేదు. మన మోటారు వాహనాల నిబంధనల్లో కూడా ముందు వైపు స్పాట్‌లైట్లు పెట్టుకోకూడదని ఉంది. కాబట్టి దూరం విసిరే సన్నటి బీమ్ జోలికి పోకండి, వెడల్పుగా, దగ్గర్లో పడేదే తీసుకోండి.

లైట్లకి తెలుపు, పసుపు, మినుకు మినుకు అని మూడు మోడ్‌లు వచ్చాయి. తెలుపు నుంచి పసుపుకి పోవాలంటే మధ్యలో ఆ మినుకు దాటాలి. ఎదుటివాడికి అది టెన్షన్, పైగా అంబులెన్స్ అనుకుని పక్కకి జరిగినవాళ్లూ ఉన్నారు. మినుకు వైరు తీయించేశాను. డిసెంబరు, జనవరి పొగమంచులో పసుపే వాడతాను, హై బీమ్ వేస్తే ముందు తెల్లటి గోడ లేచినట్టు ఉంటుంది. నిజానికి రంగు కంటే లైటు కింద ఉండడం ఎక్కువ పనిచేస్తోందని నాకు అనిపిస్తోంది.

హజార్డ్ వైరింగ్‌లో ఒక చిక్కుంది. రెండు వైపుల ఇండికేటర్ వైర్లనీ ఊరికే కలిపేస్తే, ఎడమ ఇండికేటర్ వేసినా నాలుగూ కొట్టుకుంటాయి. రెండు వైపుల వైర్లనీ విడివిడిగా ఉంచే ఆరు కాళ్ల (ఆరు పిన్నుల) స్విచ్ అడిగి పెట్టించుకోండి, దాంతో పాటు ఇండికేటర్లని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ నాలుగు బల్బులకి తడబడితే ఎలక్ట్రానిక్‌ది మార్చుకోండి. పంక్చరై పక్కన ఆగినప్పుడు తప్ప నేను హజార్డ్ వెయ్యను. కూడలిలో నేరుగా పోవడానికి హజార్డ్ వేసేవాళ్లని చూస్తే భయమేస్తుంది, పక్క నుంచి వచ్చేవాడికి ఒకవైపు లైటే కనపడుతుంది, మలుపు తిరుగుతున్నాడనుకుంటాడు.

పగలు మాత్రం ఎక్స్‌ట్రా లైట్లు అక్కర్లేదు. 2017 ఏప్రిల్ తర్వాత కొన్న బండ్లకి ఇంజిన్ ఆన్ చేయగానే హెడ్‌లైట్ వెలుగుతుంది, ఆర్పే స్విచ్చే లేదు. ఇప్పటికీ ఎదురొచ్చే పెద్దాయనలు పిడికిలి మూసి తెరిచి, లైటు ఆపమని సైగ చేస్తారు. ఆ లైటు మనం దారి చూసుకోవడానికి కాదు, వాళ్లు మనల్ని చూడడానికి.

వెనక సంగతి ఆలస్యంగా అర్థమైంది. నాలుగొందలు పెట్టి ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు తెచ్చి వెనక మడ్‌గార్డ్‌కి, రెండు సైడ్ బాక్సులకి, హెల్మెట్ వెనక్కి అతికించాను. దానికి వైరు లేదు, ఫ్యూజు లేదు, వెనక బండి లైటు పడితే చాలు మెరుస్తుంది. అది అతికించాక లారీలు ముందే లేన్ మారి నన్ను దాటుతున్నాయి, ఇంతకుముందు దగ్గరికొచ్చి హారన్ కొట్టేవి. దుమ్ము పడితే పనిచేయదు, వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

ఈ ఎండలకి బటన్ మీది రబ్బరు పగిలింది. వానలు పడేలోపు మార్చాలి. కొత్తది కూడా అదే రకం తెచ్చి పెట్టుకున్నాను.