థాయిలాండ్ 'వాలంటీర్ టీచర్' ప్యాకేజీ: తిరుపతి, చిత్తూరు డిగ్రీ పిల్లలు డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి

డిగ్రీ పరీక్షలు దగ్గర పడగానే బాలాజీ కాలనీ, యూనివర్సిటీ గేటు చుట్టుపక్కల గోడలకు ఒక పాంప్లెట్ అంటిస్తున్నారు. థాయిలాండ్‌లో నాలుగు వారాలు స్కూలు పిల్లలకు ఇంగ్లీష్ చెప్పాలట, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తారట. చిత్తూరులో అదే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మొత్తం 85 వేలు, అందులో 25 వేలు ముందే కట్టి సీటు ఖాయం చేసుకోవాలి. కట్టినవాళ్లు ఇప్పుడు రీఫండ్ కోసం ఆఫీసు మెట్లెక్కి దిగుతున్నారు. కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. బోర్డు రేపు మార్చేస్తారు, అందుకే పద్ధతి చెప్తున్నాం.

మొదట నెల చూడండి. వీళ్లు అమ్మేది ఎక్కువగా ఏప్రిల్ బ్యాచ్, మనకు సెలవులు కదా అని. థాయిలాండ్‌లో స్కూళ్లు మే నెల మధ్యలో తెరుస్తారు. మొదటి టర్మ్ అక్టోబర్‌లో అయిపోతుంది, రెండోది నవంబర్ నుంచి మార్చి దాకా. అంటే ఏప్రిల్ మొత్తం అక్కడా సెలవులే, పైగా 13 నుంచి 15 దాకా సోంక్రాన్ పండగ. తాళం వేసిన స్కూల్లో ఎవరికి పాఠం చెప్తారు? అందుకే అక్కడ దిగాక 'సమ్మర్ క్యాంప్' అంటారు, లేదా ఏదో అనాథాశ్రమానికి తీసుకెళ్తారు. ఆశ్రమం అంటే అసలు ఒప్పుకోకండి. ఇలాంటి చాలా చోట్ల పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉంటారు, డబ్బు కట్టి వచ్చేవాళ్లకు చూపించడానికే వాళ్లను అక్కడ ఉంచుతారు. ఇది అంతటా తెలిసిన వ్యాపారం. ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది.

ఇక వీసా. అసలు మోసం ఇక్కడే. "జీతం లేదు కాబట్టి వర్క్ పర్మిట్ అక్కర్లేదు, ఇమిగ్రేషన్‌లో టూరిస్ట్ అని చెప్పేయండి" అంటారు. ఆ మాట వినగానే లేచి వచ్చేయండి. థాయిలాండ్‌లో జీతం తీసుకోకపోయినా పని పనే. వాలంటీర్‌గా వెళ్లాలంటే నాన్ ఇమిగ్రెంట్ 'ఓ' వీసా కావాలి, దాని మీద వర్క్ పర్మిట్ కూడా ఉండాలి. పర్మిట్ లేకుండా క్లాసులో దొరికితే 5 వేల నుంచి 50 వేల బాత్‌ల దాకా జరిమానా వేసి వెనక్కి పంపిస్తారు. ఆపైన రెండేళ్లు వర్క్ పర్మిట్ రాదు. ఆ జరిమానా కట్టేది మీరు, కన్సల్టెన్సీ కాదు. కాబట్టి ఏ రకం వీసా, ఎవరు అప్లై చేస్తారు, రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారు, ఈ మూడూ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

స్కూలు పిలుపు లేఖ ఇంగ్లీషులో, జీమెయిల్ అడ్రస్‌తో ఉంటే నమ్మకండి, థాయి ఒరిజినల్ అడగండి. ప్రభుత్వ స్కూలు అధికారిక లేఖ పైన గరుడుడి బొమ్మ ఉంటుంది. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ చూసే ఊరివాళ్లకు అది గుర్తుపట్టడం పెద్ద పనేం కాదు. తేదీ బౌద్ధ శకంలో వేస్తారు, మన సంవత్సరానికి 543 కలపాలి, 2025 అయితే 2568. ఈ గుర్తులు ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, కంప్యూటర్‌లో ఏ బొమ్మైనా పెట్టొచ్చు. స్కూలు నంబర్ లేఖలోంచి తీసుకోకుండా వేరేగా వెతికి ఫోన్ చేయండి.

రసీదు దగ్గర బాగా ఆగండి. తిరుపతిలో ఇస్తున్న రసీదులో 'డొనేషన్' అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 'తిరిగి ఇవ్వబడదు'. డొనేషన్ అని ఎందుకంటే, రేపు కేసు వేస్తే "మేం ఏ సర్వీసూ అమ్మలేదు, వాళ్లే ఇష్టపడి ఇచ్చారు" అనడానికి. 'ప్రోగ్రామ్ ఫీజు' అని రాయించండి. జీఎస్టీ నంబర్ 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. ఆ 37 తర్వాత మూడు అక్షరాలు వదిలి నాలుగోది చూడండి. 'టి' అయితే ట్రస్టు, 'సి' అయితే కంపెనీ, 'ఎఫ్' అయితే పార్ట్‌నర్‌షిప్, 'పి' అయితే ఒక మనిషి. బోర్డు మీద ఫౌండేషన్, నంబర్‌లో 'పి' ఉంటే మీ డబ్బు ఎవరి జేబులోకి పోతోందో తెలిసిపోయినట్టే. ఫోన్‌పేలో ఎవరో వ్యక్తి పేరు వచ్చినా అంతే.

"నాలుగు వారాలయ్యాక స్టైపెండ్, తర్వాత అక్కడే జాబ్" అని కూడా ఊరిస్తారు. జీతానికి విదేశంలో పని ఇప్పించేవాళ్లు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో దొరకాలి. వాళ్లు తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. ఇక థాయి స్కూల్లో జీతం టీచర్ కావాలంటే డిగ్రీ, నాన్ ఇమిగ్రెంట్ 'బి' వీసా, అక్కడి టీచర్స్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. ప్యాకేజీతో అంటగట్టే 120 గంటల ఆన్‌లైన్ టెఫిల్ (ఇంగ్లీష్ రానివాళ్లకు ఇంగ్లీష్ నేర్పే కోర్సు) సర్టిఫికెట్ వీటికి బదులు కాదు. కేంబ్రిడ్జ్ వాళ్ల ఇంగ్లీష్ టీచింగ్ కోర్సు సెల్టాలో అయితే పరిశీలకుల ముందు 6 గంటలు నిజంగా పాఠం చెప్పాలి. క్విజ్‌లు నొక్కి తెచ్చుకున్న కాగితానికీ దానికీ చాలా తేడా.

ఇప్పటికే కట్టేసినవాళ్లు చాట్‌లు, రసీదు, పాంప్లెట్ ఫొటో అన్నీ దాచండి. 15 రోజులు గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేయొచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు సలహా కావాలంటే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్‌లో ఎవరికో పంపి మోసపోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒరిజినల్ పాస్‌పోర్ట్ 'వీసా కోసం' అని వాళ్ల దగ్గరే ఉంటే డబ్బు గురించి గొడవ పడకముందే అది తెచ్చుకోండి. గొడవ మొదలయ్యాక దాన్నే అడ్డం పెట్టుకుంటారు. ఇవ్వం అని మొండికేస్తే పాస్‌పోర్ట్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.