రెడ్ వైన్ పీపాలో పండిన సింగిల్ మాల్ట్: నాలుగు గ్లాసుల్లో ఏది మేలు?

సంక్రాంతి సెలవులకి మెల్‌బోర్న్ నుంచి వచ్చిన మా బావమరిది సూట్‌కేసులోంచి ఒక స్టార్‌వార్డ్ నోవా విస్కీ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "బావా, ఇది మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా రెడ్ వైన్ పీపాలోనే ఉంది. నీ దగ్గరున్న ఆరన్‌ని చివర్లో మాత్రమే వైన్ పీపాలోకి మార్చారు. ఏది మేలో ఇవాళ తేల్చేద్దాం" అన్నాడు. నా బీరువాలో దానికి జోడు మూడు సీసాలున్నాయి. స్కాట్లండ్‌లోని ఆరన్ దీవి నుంచి వచ్చిన అమరోనె కాస్క్ ఫినిష్, తైవాన్‌లో చేసిన కవలాన్ సోలిస్ట్ విన్యో బారిక్, మన దేశంలోనే తయారైన రామ్‌పూర్ ఆసవ. నాలుగింటినీ ఒకే రాత్రి పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది. మనిషికి ఒక్కో గ్లాసులో పదిహేను మిల్లీలీటర్లు పోశాను. రుచి చూడటానికి అంతకు మించి అక్కర్లేదు.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతోనే చేసిన విస్కీ. బట్టీలోంచి దిగినప్పుడు ఆ స్పిరిట్ నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగంతా, రుచిలో పెద్ద వాటా, పీపా చెక్కే ఇస్తుంది. ఎక్కువమంది వాడేది బోర్బన్ పీపా, అంటే అమెరికా మొక్కజొన్న విస్కీ పండిన పీపా. అది లోపల బొగ్గయ్యేలా కాల్చిన అమెరికన్ ఓక్ చెక్క. అందులోంచి వెనిలా, కొబ్బరి, తేనె లాంటి రుచులొస్తాయి. రెడ్ వైన్ పీపా దారి వేరు. చాలావరకు ఫ్రెంచ్ ఓక్, ఫ్రాన్స్‌లోని బోర్డో పద్ధతిలో అయితే 225 లీటర్లు. లోపల బొగ్గయ్యేలా కాల్చరు, సెగ మీద దోరగా వేయిస్తారంతే. ఏళ్ళ తరబడి వైన్ ఆ చెక్కలోకి ఇంకిపోయి ఉంటుంది. దాంట్లో విస్కీ పోస్తే ఎర్ర పండ్ల వాసన, కాస్త పులుపు, గులాబీ ఛాయ, వాటితోపాటు టానిన్ దిగుతాయి. టానిన్ అంటే వేరే ఏం కాదు, మన వగరే. నేరేడు పండు తిన్నాక నాలుక పిడచకట్టుకుపోతుంది చూడండి, అదే. ఆ వగరు కొంచెముంటే విస్కీకి ఒక నడుము వస్తుంది. హద్దు దాటితే బార్లీ రుచి కింద పడి నలిగిపోతుంది.

కాబట్టి నేను చూసేది ఒక్కటే. పీపాలో ఏ వైన్ ఉండేదన్నది తర్వాతి మాట. బార్లీ ఇంకా నోటికి తెలుస్తోందా, లేదా?

వరసలో ముందు స్టార్‌వార్డ్ పెట్టాం, ఎందుకంటే నాలుగింట్లో తక్కువ ఘాటు దానిదే, 41 శాతం ఆల్కహాల్. ఘాటైనది ముందు తాగితే నాలుక మొద్దుబారి తర్వాతివి అర్థం కావు. 2007లో డేవిడ్ విటాలి మెల్‌బోర్న్‌లో ఈ కంపెనీ మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ద్రాక్షతోటల నుంచి షిరాజ్, కాబర్నె, పినో నువార్ లాంటి వైన్‌లు పండిన పీపాలు దొరుకుతాయి, దూరాభారం లేదు కాబట్టి చెక్క ఇంకా తడిగా ఉండగానే విస్కీ పోసేయొచ్చు. ఒకే రోజులో ఎండా చలీ మారిపోయే ఊరు కాబట్టి స్పిరిట్ చెక్కలోకి పోతూ వస్తూ తొందరగా పండుతుందట. ముక్కు దగ్గర పెట్టుకోగానే స్ట్రాబెర్రీ జామ్, పియర్, వెనిలా. నోట్లో మెత్తగా, తియ్యగా ఉంది. ఎవరికైనా మొదటి గుక్కకే నచ్చే విస్కీ. నాకున్న అభ్యంతరం ఏమిటంటే రెండో గుక్కలో కొత్తగా ఏమీ రాదు. పండు మొదట్లో ఎంత కనబడిందో చివరికీ అంతే, బార్లీ ఎక్కడుందో వెతుక్కోవాలి. మా వాడు ఒప్పుకోలేదు. "విస్కీ అంటే మొహం తిప్పుకునేవాళ్ళకి ఇది పోసి చూడు, వాళ్ళే ఇంకాస్త అడుగుతారు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం.

రెండోది ఆసవ, 45 శాతం. ఉత్తర ప్రదేశ్‌లోని రామ్‌పూర్‌లో రాడికో ఖైతాన్ వాళ్ళు చేస్తారు. ముందు బోర్బన్ పీపాలో పండించి, చివర్లో మన దేశపు కాబర్నె సావిన్యో వైన్ పీపాలోకి మారుస్తారు. పేరు వినగానే నాకు మా తాతగారి ఆయుర్వేద సీసాలు గుర్తొచ్చాయి. ద్రాక్షాసవం తాగి పెరిగిన తెలుగువాళ్ళకి ఆసవం అంటే పులియబెట్టినదని వేరే చెప్పక్కర్లేదు. విచిత్రంగా గ్లాసులో కూడా ఆ పోలిక కొంచెం ఉంది. ఎండు ద్రాక్ష, దాల్చినచెక్క, వెనక ఎక్కడో పొగాకు ఆకు. రామ్‌పూర్‌లో వేసవి ఎండ, చలికాలపు చలి రెండూ గట్టివే, తక్కువ కాలంలోనే చెక్క లోతుగా దిగుతుంది. ఇక్కడ వైన్ పీపా హద్దులోనే ఉంది, బోర్బన్ పీపా ఇచ్చిన వెనిలా మీద పల్చగా రాసిన ఎర్ర రంగులా. చివర్లో చెక్క కొంచెం చేదుగా తగులుతుంది, అదొక్కటే లోపం. పై దేశాల సీసాల కోసం ఎవరినీ బతిమాలే పని లేదు, అది చిన్న లాభం కాదు.

ఇక ఆరన్. ఈ దీవిలో నూట యాభై ఏళ్ళకు పైగా చట్టబద్ధమైన డిస్టిలరీ లేదు. 1995లో లాక్‌రాన్జా ఊళ్ళో మళ్ళీ బట్టీ వెలిగించారు. వాళ్ళ స్పిరిట్ తేలికగా, నిమ్మ, ఆపిల్ వాసనతో ఉంటుంది. అలాంటి మృదువైన దాన్ని అమరోనె పీపాలో పెట్టడం సాహసమే, ఎందుకంటే అమరోనె మామూలు వైన్ కాదు. ఇటలీలోని వెరోనా దగ్గర వాల్పొలిచెల్లాలో కొర్వీనా లాంటి ద్రాక్ష కోసి, వెంటనే తొక్కకుండా, గాలి ఆడే అటకల మీద నెలల తరబడి ఆరబెడతారు. పండు వడిలి, బరువులో మూడో వంతు దాకా తగ్గి, తీపి చిక్కబడుతుంది. ఆ చిక్కని రసాన్ని పూర్తిగా పులియబెడితే గాఢమైన, ఘాటైన వైన్ వస్తుంది. మన ఇళ్ళలో రేగిపళ్ళు దంచి, బెల్లం కలిపి వడియాలు పెట్టి ఎండబెట్టినప్పుడు పులుపూ తీపీ ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి కదా, ఆ చిక్కదనానికి అమరోనె దగ్గరి చుట్టం.

ఆరన్ వాళ్ళు బోర్బన్ పీపాలో పండిన విస్కీని చివర్లో ఈ పీపాలోకి తీస్తారు. 50 శాతం దగ్గర సీసాకెత్తుతారు. రంగు కలపరు, చల్లబరిచి వడకట్టరు. అందుకని గ్లాసులో కనబడే ఆ రాగి గులాబీ ఛాయ అంతా పీపాదే. మొదటి గుక్క నీళ్ళు లేకుండా తాగితే చెర్రీ, చేదు చాక్లెట్, మిరియం, వగరు ఒకేసారి మీదికొచ్చి కాస్త కంగారు పెడతాయి. ఇక్కడే చాలామంది గ్లాసు పక్కన పెట్టేస్తారు. అలా చేయకండి. ఒక చిన్న చెంచాడు నీళ్ళు కలిపి ఐదు నిమిషాలు ఆగండి. వగరు వెనక్కి తగ్గి, ఆపిల్, బార్లీ చక్కెర, తేనె ముందుకొస్తాయి. ఎర్ర పండు వాటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. నేను ఆ రాత్రి అంతసేపు దేనితోనూ కూర్చోలేదు. ప్రతి పది నిమిషాలకీ గ్లాసులో ఏదో ఒకటి మారుతూనే ఉంది.

పండిన విస్కీని చివర్లో వేరే పీపాలోకి మార్చే ఈ పద్ధతికి 1980లలో స్కాట్లండ్‌లోని బల్వెనీ డిస్టిలరీలో డేవిడ్ స్టూవర్ట్ దారి వేశాడు. 1990లలో అక్కడిదే మరో డిస్టిలరీ గ్లెన్‌మొరాంజీ దాన్ని అందరికీ తెలిసేలా చేసింది. కొందరు దీన్ని పైపూత అని తేలిగ్గా తీసేస్తారు. కూరకి ఉప్పూ కారం సరిపోయాక చివర్లో పడే పోపుని ఎవరైనా పైపూత అంటారా? వేళకి వేయడం, వేళకి దించడం తెలియాలి, అంతే.

కవలాన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఈ వాదాన్నే తలకిందులు చేస్తుంది. తైవాన్‌లోని యీలాన్ ప్రాంతంలో 2006లో మొదటిసారి స్పిరిట్ తీశారు. తొమ్మిదేళ్ళకే, 2015లో, ఈ విన్యో బారిక్ వరల్డ్ విస్కీస్ అవార్డ్స్‌లో ప్రపంచంలోకెల్లా ఉత్తమ సింగిల్ మాల్ట్‌గా గెలిచింది. దాని వెనక ఉన్నది స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త జిమ్ స్వాన్. 2017లో పోయాడు. మన బెంగళూరు విస్కీ కంపెనీ అమృత్‌కి కూడా తొలినాళ్ళలో సాయపడినవాడు. వైన్ పీపా లోపలి పొరలో పులుపూ పాత టానిన్ పేరుకుపోయి ఉంటాయని, అవి విస్కీని పాడు చేస్తాయని ఆయనకి తెలుసు. అందుకని ఆ పొరని చెక్కి తీసేయించాడు. తర్వాత సెగ మీద దోరగా వేయించి, ఆపైన మంట పెట్టి కాల్పించాడు. చెక్కడం, వేయించడం, మళ్ళీ కాల్చడం, ఈ మూడు పనుల ఇంగ్లీషు పేర్లలోని (షేవ్, టోస్ట్, రీచార్) మొదటి అక్షరాలు కలిపి దీన్ని ఎస్‌టీఆర్ పీపా అంటారు. మరీ లోతుకి ఇంకిన వైన్ కొంచెం మిగులుతుంది, సెగకి అది పాకంలా మారుతుంది. పుల్లని చింతపండుని బెల్లంతో ఉడికిస్తే పులుపు పోకుండానే ఎలా లొంగుతుందో అలాగ.

ఇది ఒక్కో పీపాని విడిగా సీసాలకెత్తే సరుకు. నీళ్ళు కలపరు కాబట్టి ఘాటు సీసాని బట్టి మారుతుంది, మామూలుగా 50కీ 60కీ మధ్య. వాసన చూడగానే బాగా పండిన మామిడి, కర్బూజా. నోట్లోకి వెళ్ళాక మామిడి తాండ్ర, వెనిలా, నల్ల చాక్లెట్, చివర్లో మిరియాల వెచ్చదనం. నాలుగింట్లో అందమైన విస్కీ ఏదంటే నేను తడుముకోకుండా దీన్నే చూపిస్తాను. కానీ మనం అడిగిన ప్రశ్న రెడ్ వైన్ పీపా గురించి. ఈ పీపాలు అమెరికన్ ఓక్‌వి, వాటిలో ఎర్ర వైన్‌తోపాటు తెల్ల వైన్ కూడా పండింది. పైగా వైన్ పొరని చెక్కేశారు. గ్లాసులో పలికేది కాలిన చెక్క, తైవాన్ వేడి. వైన్ దాదాపు పలకదు. ధర కూడా నాలుగింట్లో దీనిదే ఎక్కువ.

కొనేముందు ఒక హెచ్చరిక. ఖాళీ వైన్ పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగిస్తారు. అది సరిగ్గా పోకపోతే విస్కీలోకి దిగుతుంది. మూడేళ్ళ క్రితం నేను మోజుపడి కొన్న ఒక వైన్ పీపా విస్కీ మూత తీయగానే అగ్గిపుల్ల వాసన. నెల రోజులు ఆగి చూసినా పోలేదు. చాలా బాధేసింది, అంత డబ్బు పోసి కొన్నది. అప్పటి నుంచి కొత్త పేరైతే ముందు ఎక్కడైనా ఒక పెగ్గు రుచి చూసి, ఆ తర్వాతే సీసా జోలికి వెళ్తున్నాను.

పక్కన తినేది కూడా చూసుకోవాలి. వగరూ ఆల్కహాలూ రెండూ కారాన్ని రెట్టింపు చేస్తాయి. ఆ రాత్రి మా ఇంట్లో వేసిన కోడి వేపుడుతో ఆరన్ తాగితే నోరు మండిపోయింది. స్టార్‌వార్డ్ ఒక్కటే ఆ వేపుడుకి తట్టుకుంది, అక్కడ మా బావమరిదే నెగ్గాడు. మిగతా మూడింటికీ ఉత్త బాదం పప్పులే నయం.

నా లెక్కలో మొదటి చోటు ఆరన్‌ది. వైన్ తెలుస్తుంది, బార్లీ బతికే ఉంటుంది, నీళ్ళు పోస్తే రెండూ ఇంకా విడివిడిగా కనబడతాయి. తర్వాత కవలాన్. ఆసవ మూడోది, అయితే ఒక్క సీసాయే కొనగలను, ఇక్కడే దొరకాలి అనేవాళ్ళు కళ్ళు మూసుకుని దాన్నే తీసుకోవచ్చు. విస్కీ అలవాటు లేనివాళ్ళు, భోజనంతో తాగాలనుకునేవాళ్ళు స్టార్‌వార్డ్‌తో మొదలుపెట్టాలి. మా వాడు ఈ వరస విని "నువ్వు నీళ్ళు కలిపి గెలిపించావు బావా" అన్నాడు.

పొద్దున్నే గ్లాసులు కడిగేముందు నాలుగింటినీ మళ్ళీ వాసన చూశాం. స్టార్‌వార్డ్ గ్లాసులో ఏదో పల్చని తీపి తప్ప మిగల్లేదు. ఆసవలో చెక్క పొడి, కవలాన్‌లో కాచిన బెల్లం. ఆరన్ గ్లాసు వాడు రెండుసార్లు ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూసి, "గడ్డివాము వాసన, మన ఊళ్ళో కళ్ళంలో వచ్చేది" అన్నాడు. ఆ గ్లాసుని చివర్లో కడిగాం.