వైజాగ్ బీటెక్ జూనియర్స్, రెజ్యూమే రాసిపెడతామంటే డబ్బులు కట్టకండి

నేను మెకానికల్ ఫైనల్ ఇయర్, ఇక్కడ వైజాగ్‌లోనే. థర్డ్ ఇయర్ తర్వాత సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసమని ద్వారకానగర్‌లో ఒక చోట రెజ్యూమేకి 3,500 కట్టాను. పేరు రాయట్లేదు, బోర్డు మార్చి పక్క వీధిలో ఇంకో పేరుతో కూర్చోవడం వాళ్లకి ఒక పూట పని, కాబట్టి పేరు కాదు పద్ధతి గుర్తుపెట్టుకోండి. మా అమ్మ కంచరపాలెంలో టిఫిన్ బండి నడుపుతుంది, చీటీ డబ్బుల్లోంచి తీసిచ్చింది, అందుకే ఇంత బాధగా రాస్తున్నా.

అక్కడ కూర్చున్న మేడమ్ "తమ్ముడూ, నీ రెజ్యూమే ఏటీఎస్‌లో పాస్ అవ్వదు, మేం చేస్తే పక్కా కాల్ వస్తుంది" అంది. ఏటీఎస్ అంటే ఏంటో అప్పటికి నాకు సరిగ్గా తెలీదు, భయపడి కట్టేశా. కంపెనీలకి వచ్చిన రెజ్యూమేల్లోంచి అక్షరాలు చదివి లోపల పెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది, అంతే. మూడు రోజులకి పీడీఎఫ్ ఇచ్చారు, రెండు కాలమ్స్, గుండ్రంగా ఫోటో, డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఎంత వచ్చో చూపించడానికి ఆటోక్యాడ్‌కి నాలుగు చుక్కలు సాలిడ్‌వర్క్స్‌కి మూడు చుక్కలు, చూడ్డానికి పెళ్లి కార్డులా ఉంది. అది క్రోమ్‌లో తెరిస్తే పైన ట్యాబ్ మీద ఎవరో అమ్మాయి పేరు! అంటే ఆవిడ ఫైల్ మీదే నా పేరు టైప్ చేసి ఇచ్చారు, లోపల టైటిల్ మార్చడం మర్చిపోయారు. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో వేసి చూశా, నా సీజీపీఏ వెళ్లి హాబీల మధ్యలో పడింది, ఫోన్ నంబర్ అసలు రానే లేదు ఎందుకంటే దాన్ని బొమ్మలా అతికించారు. ఏటీఎస్ పేరు చెప్పి డబ్బు తీసుకున్నవాళ్లు ఇచ్చిన ఫైల్ ఇదండీ.

అదైనా పర్లేదు, అసలు దెబ్బ ప్రాజెక్టుల దగ్గర తగిలింది. నేను ఇచ్చిన ప్రాజెక్టు తీసేసి "షెల్ అండ్ ట్యూబ్ హీట్ ఎక్స్ఛేంజర్, ఆన్సిస్‌లో చేసి ఎఫిషియన్సీ 18 శాతం పెంచాడు" అని రాశారు, అంటే వేడిని ఒక ద్రవం నుంచి ఇంకోదానికి పంపే పరికరాన్ని నేను కంప్యూటర్ సిమ్యులేషన్‌లో మెరుగుపరిచానని. ఇది నేను చెయ్యలేదు మేడమ్ అంటే అందరూ పెట్టేదే, ఎవరూ అడగరు అన్నారు. ఆటోనగర్‌లో ఒక ఫాబ్రికేషన్ యూనిట్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే ఆ సార్ మొదటి ప్రశ్నే దాని మీద. "బాఫిల్స్ ఎన్ని పెట్టావు బాబూ? మెష్ సైజ్ మార్చి చూశావా, రిజల్ట్ మారిందా?" బాఫిల్స్ అంటే దాని లోపలి అడ్డు పలకలు, మెష్ అంటే లెక్క కోసం మోడల్‌ని చిన్న ముక్కలుగా చెయ్యడం, నిజంగా చేసినవాడు వెంటనే చెప్పేస్తాడు. నా నోట్లోంచి మాట రాలేదు. ఆయన కోప్పడలేదు, కాగితం మడిచి నా వైపు తోసి "ఇది నువ్వు చేసింది కాదు కదా" అన్నారు. బస్సులో ఇంటికొచ్చేదాకా అదే మాట చెవిలో. తర్వాత తెలిసింది, అక్కడే చేయించుకున్న మా క్లాస్‌మేట్‌కి కూడా అదే హీట్ ఎక్స్ఛేంజర్, అదే 18 శాతం.

వాళ్లు చిన్నది అని తీసేసిన నా ప్రాజెక్టు ఏంటంటే అమ్మ వెట్ గ్రైండర్. గరగరమని సౌండ్ వస్తుంటే మోటార్ బాడీకి అదురు కొలవడానికి ఎంపీయూ 6050 సెన్సార్ జిప్ టైతో కట్టి, ఆర్డునో అనే చిన్న బోర్డుతో రీడింగులు తీసి, బేరింగ్ మార్చక ముందు ఒకటి మార్చాక ఒకటి ఎఫ్ఎఫ్‌టీ గ్రాఫ్ గీశా, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత అదురుతుందో చూపించేది. సెకండ్ టైమ్ నేనే ఒక్క పేజీలో, ఒకటే కాలమ్‌లో, గూగుల్ డాక్స్‌లో రెజ్యూమే రాసుకుని దీన్ని పైన పెట్టా. ఏం కొలిచాను, దేంతో కొలిచాను, ఏం మారింది, మూడు లైన్లు. ఫోటో, నాన్న పేరు, పుట్టిన తేదీ, కింద డిక్లరేషన్ అన్నీ తీసేశా, స్కిల్స్‌లో అడిగితే చెప్పగలిగినవే ఉంచా. ఆ రెజ్యూమేతో వెళ్లిన ఇంటర్వ్యూలో సార్ "సెకనుకి ఎన్ని రీడింగులు?" అన్నారు, 500 అన్నా, "అయితే అందులో సగం, 250 హెర్ట్జ్ పైన ఏం జరుగుతుందో నీకు కనపడదు కదా" అన్నారు, అవును సార్, అంతకన్నా ఫాస్ట్‌గా తీస్తే నా కోడ్‌లో రీడింగులు మిస్సవుతున్నాయి అని చెప్పా. ఇరవై నిమిషాలు గ్రైండర్ గురించే మాట్లాడుకున్నాం. ఇంటర్న్‌షిప్ వచ్చింది.

ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, నేను కంప్లైంట్ పెట్టా, డబ్బు ఇంకా రాలేదు. ఆ చోట నంబర్ ఇచ్చినప్పటి నుంచి ఎవరెవరో ఫోన్ చేసి ఆఫర్ లెటర్ రెడీ, రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అంటున్నారు, పంపకండి, పొరపాటున పంపేస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో స్టూడెంట్స్‌కి రిజిస్ట్రేషన్ ఫ్రీ, అది ముందు చూడండి.

రాయడం రాక ఆగిపోయినవాళ్లు మీరు చేసింది తెలుగులోనైనా సరే కింద రాయండి, సెమిస్టర్ ఎగ్జామ్స్ అయ్యేదాకా రోజూ రాత్రి కూర్చుని చూస్తా. డబ్బులేం వద్దు.