ఆట ఆగితే లీగ్ ఎలా బతకాలి: బీమానా, బబులా, జీతాల కోతా?

2020 మార్చిలో కరోనా దెబ్బకు దాదాపు ఆటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ గండం గట్టెక్కడానికి ఒక్కో లీగ్ ఒక్కో దారి పట్టింది. వరంగల్ పల్లెల్లో పిల్లలు ప్రాణం పెట్టి ఆడే కబడ్డీకి వీటిలో ఏది మేలు?

బీమా మాట వస్తే వింబుల్డన్ టెన్నిస్ టోర్నీయే గుర్తొస్తుంది. 2003 నాటి సార్స్ అంటువ్యాధి తర్వాత పదిహేడేళ్లపాటు ఏటా దాదాపు 20 లక్షల డాలర్ల ప్రీమియం కట్టారని, 2020లో టోర్నీ రద్దయ్యాక 14 కోట్ల డాలర్ల దాకా చేతికొచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. ఆడని టోర్నీకి 620 మంది ఆటగాళ్లకు కోటి పౌండ్లు పంచారు. సింగిల్స్ అసలు పోటీలో (మెయిన్ డ్రా) ఉండాల్సినవాళ్లకు తలా 25 వేల పౌండ్లు, దానికి ముందు జరిగే అర్హత పోటీల (క్వాలిఫయింగ్) వాళ్లకు 12,500. అయితే మరుసటి ఏడాదికే ఆ బీమా వింబుల్డన్‌కూ దొరకలేదు. ఇక కొత్త లీగులకు ఎవరిస్తారు?

జీతాల కోత పెద్దవాళ్లకే సరిపోతుంది. బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాళ్లు జీతంలో 70 శాతం వదులుకుని, క్లబ్ సిబ్బందికి పూర్తి జీతం అందేలా చూశారు. గొప్ప పనే. కానీ కోట్లు సంపాదించినవాళ్లు కాబట్టి తట్టుకున్నారు.

ఐపీఎల్‌ది బబుల్ దారి, అంటే జట్లను బయటివాళ్లతో కలవనివ్వకుండా ఒకచోట ఉంచి ఆడించడం. టైటిల్ స్పాన్సర్‌షిప్ 440 కోట్ల నుంచి 222 కోట్లకు పడిపోయింది, గేటు డబ్బులు పోయాయి. అయినా సెప్టెంబరులో యూఏఈకి వెళ్లి ఆడించారు. అప్పటి ప్రసార హక్కులు ఐదేళ్లకు (2018-22) 16,347 కోట్లు, మ్యాచ్ జరిగితేనే ఆ డబ్బు. స్టేడియం ఖాళీగా ఉన్నా లీగ్ నిలబడింది.

ప్రొ కబడ్డీ మాత్రం 2019 అక్టోబరులో ఆగి, మళ్లీ 2021 డిసెంబరు 22న బెంగళూరులో మొదలైంది. ఎందుకంత ఆలస్యమో అర్థం చేసుకోగలను. కూత పెడుతూ వెళ్లిన రైడర్ మీద ఏడుగురు ఒక్కసారిగా పడే ఆట ఇది, దూరం పాటించడం కుదరదు. కానీ ఇరవై రెండేళ్ల రైడర్‌కు రెండేళ్లంటే మాటలా? పైగా 2020 ఉగాది లాక్‌డౌన్‌లోనే గడిచింది, ఊళ్లలో టోర్నీలూ లేవు. ప్రైజ్‌మనీ మీద ఆశ పెట్టుకున్న కుర్రాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది.

చివరికి కబడ్డీ నడిచింది కూడా బబుల్‌లోనే. జట్లన్నీ ఒకే హోటల్లో ఉండి, ప్రేక్షకులు లేకుండా సీజన్ పూర్తి చేశాయి. 2021-25 టీవీ హక్కులు 908 కోట్లకు అమ్ముడయ్యాయి కాబట్టి అది సాధ్యమైంది. అందుకే కబడ్డీకి బబులే మేలంటాను, ఒక షరతుతో. బీమా దొరకదు గనుక టీవీ డబ్బులో కొంత ఏటా విడిగా దాచాలి. ఆట ఆగిన రోజున అది ముందుగా అందాల్సింది ఫ్రాంచైజీలకు కాదు, వేలంలో తక్కువ ధర పలికిన ఆటగాళ్లకు.