హెలెన్ ఊరి దగ్గర 285 డాలర్ల వెన్న జాడీ

అట్లాంటా నుంచి జార్జియా కొండల్లోని హెలెన్ ఊరికి వెళ్లేవాళ్లంతా ఆ జర్మన్ మోడల్ మేడల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. 1969లో టూరిస్టుల కోసం వేసిన వేషం అది. మాకు గంటలో మొహం మొత్తింది, పార్కింగ్‌కి 10 డాలర్లు దండగ. మీరు మాత్రం పక్కనున్న సాటీ నకూచీకి వెళ్లండి. 2006లో తెరిచిన ఫోక్ పాటరీ (జానపద కుమ్మరి పని) మ్యూజియం అక్కడే ఉంది.

మోకాళ్ల నొప్పి, కార్లోనే కూర్చుంటానన్న అత్తయ్య, తీరా లోపలికొచ్చాక వెన్న చిలికే జాడీల దగ్గర నుంచి కదల్లేదు. పొడవాటి జాడీ, మూతకి నడుమ రంధ్రం, అందులోంచి కర్ర. మన కవ్వంలా తిప్పడం కాదు, పైకీ కిందికీ దంచడమే. కట్టెల బూడిద, మట్టి, ఇసుక కలిపి పూత పూసి బట్టీలో కాలిస్తే ఆకుపచ్చగా, గోధుమరంగుగా చారలు కట్టి కారుతుంది. దగ్గర్లోని మాసీ క్రీక్‌లో మీడర్స్ కుటుంబం తరాలుగా చేసిన పని ఇదే. వాళ్లలో లానియర్ మీడర్స్‌కి 1983లో జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చారు.

ఇదంతా చూసి వస్తూ హైవే పక్క యాంటిక్ షాపులో ఆగాం. తెల్లగా నిగనిగలాడే అయిదు గ్యాలన్ల జాడీ, 285 డాలర్లు. "సివిల్ వార్‌కి ముందుది, ఈ కొండల్లోనే చేశారు" అన్నాడు ఓనరు. సివిల్ వార్ జరిగింది 1861-65లో, ఆ తెల్ల బ్రిస్టల్ పూత అమెరికాలో వాడుకలోకి వచ్చిందే 19వ శతాబ్దం చివర్లో! ఆ మాటంటే మొహం మాడ్చుకుని, "చదువుకోవాలంటే లైబ్రరీకి వెళ్లండి" అన్నాడు.

ఈలోపు అత్తయ్య వేలి కణుపుతో జాడీని టకటకా కొట్టారు. "మోగడం లేదు బాబూ, ఎక్కడో పగిలింది." ఫోన్ లైటు లోపలికి వేస్తే అడుగు నుంచి సగం దాకా జిగురుతో అతికిన గీత. కర్ర చూస్తే నిన్నగాక మొన్న చెక్కినంత కొత్తది. బయటికి నడుస్తుంటే వెనక నుంచి "140కి ఇస్తా" అని కేక! అంటే ముందు చెప్పిన దాంట్లో సగం కూడా కాదు.

ఆ జాడీని హాల్లో ఉంచి గొడుగులు పెట్టుకుందామని ముచ్చటపడ్డ మా ఆవిడ తిరుగుదారిలో గెయిన్స్‌విల్ దాకా మాట్లాడలేదు. ఆ దారిలో పాత జాడీ కొనాలనుకుంటే టార్చి తీసుకెళ్లండి, కర్రకీ మూతకీ విడిగా బేరమాడండి. వాడుకోవడానికే అయితే అక్కడి కుమ్మరుల దగ్గర కొత్త సామాను కొనండి, మాకు మగ్గు 38 డాలర్లు పడింది.