జెంటూలో సొంత ప్యాచ్‌లు: ఏడేళ్ల వాడకం తర్వాత

ప్యాకేజీలను ప్రధానంగా సోర్సు నుంచి మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేసుకునే జెంటూ లినక్స్‌లో, ఆ సోర్సుకు నా సొంత ప్యాచ్‌లు (కోడ్‌లో సవరణలు చేసే ఫైళ్లు) వేసుకోవడం మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. నేను ఇప్పటికీ జెంటూనే వాడుతున్నానంటే అందుకు ప్రధాన కారణం ఈ సదుపాయమే.

దీన్ని వాడటం చాలా సులువు. జెంటూ ప్యాకేజీ మేనేజర్ పేరు పోర్టేజ్. ఈటీసీ కింద ఉన్న పోర్టేజ్ డైరెక్టరీలో ప్యాచెస్ అనే ఫోల్డర్ పెట్టి, దాని లోపల ప్యాకేజీ వర్గం పేరుతో ఒకటి, అందులో ప్యాకేజీ పేరుతో మరొకటి చేసి, ప్యాచ్ ఫైలును అక్కడ ఉంచితే, పోర్టేజ్ కమాండ్ అయిన ఎమర్జ్ కంపైల్ చేసే ముందు దాన్ని సోర్సుకు వేస్తుంది. ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలు ఈబిల్డ్; ఆ ఫైళ్లు పాటించే నియమాల వెర్షన్ ఈఏపీఐ. 2015లో ఆమోదం పొందిన ఈఏపీఐ 6కు ముందు, ఈబిల్డ్ రాసినవారు ఇందుకు వీలు కల్పిస్తేనే ఇది పనిచేసేది; ఈఏపీఐ 6ను, ఆ తర్వాతివాటిని వాడే ఈబిల్డ్‌లు అన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. అంతకుముందు ఒక చిన్న సవరణ కోసం ఈబిల్డ్‌ను సొంత ఓవర్‌లే (అదనపు ఈబిల్డ్‌ల సేకరణ)లోకి కాపీ చేసి, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కాపీ చేసుకునే శ్రమ నాకు బాగా గుర్తుంది.

నేను ఎక్కువగా ప్యాచ్ చేసేవి డీడబ్ల్యూఎం విండో మేనేజర్, ఎస్‌టీ టెర్మినల్. ఇబ్బందులు కూడా వీటితోనే ఎక్కువ. ఫైళ్లు పేర్ల వరుసలో పడతాయి కాబట్టి వాటి పేర్ల ముందు 10, 20 అని అంకెలు పెడతాను. ఒకే చోటును రెండు ప్యాచ్‌లు మార్చేటప్పుడు, మొదటిది పడిన తర్వాతి సోర్సు మీద రెండోదాన్ని కొత్తగా తయారు చేసుకోవలసిందే. సేవ్డ్‌కాన్ఫిగ్ యూజ్ ఫ్లాగ్ (మనం దాచుకున్న కాన్ఫిగ్‌తో కట్టమని చెప్పే సెట్టింగ్) పెట్టుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ప్యాచ్ తన కొత్త వేరియబుల్‌ను నమూనా కాన్ఫిగ్ ఫైలులో చేరుస్తుంది, కానీ కంపైల్ అయ్యేది మనం దాచుకున్న పాత కాన్ఫిగ్. అందువల్ల ప్యాచ్ సరిగానే పడినా, ఆ వేరియబుల్ లేదంటూ బిల్డ్ ఆగిపోతుంది. ఇది అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ప్యాచ్‌ను వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో కూడా పెట్టవచ్చు, కానీ నేను ఆ పని మానేశాను. అలా పెడితే వెర్షన్ మారిన రోజున మన సవరణ చప్పుడు లేకుండా మాయమవుతుంది; వెర్షన్ లేని ఫోల్డర్‌లో ఉంటే, ప్యాచ్ పడకపోయినప్పుడు బిల్డ్ ఆగి మనల్ని పిలుస్తుంది. నాకు ఆ ఆగడమే కావాలి. అయితే దీని మీద కూడా పూర్తిగా భారం వేయకూడదు. చుట్టుపక్కల వరుసలు కొద్దిగా మారినా ప్యాచ్ ప్రోగ్రామ్ సర్దుకుని వేసేస్తుంది. ఒకసారి నా సవరణ అదే పోలికతో ఉన్న పక్క ఫంక్షన్‌లో పడి, కంపైల్ కూడా అయింది. అప్పటినుంచి పెద్ద అప్‌డేట్‌కు ముందు ఈబిల్డ్ కమాండ్‌తో ప్యాచ్‌లు పడే ప్రిపేర్ దశ వరకే నడిపి, సోర్సును కళ్లారా చూసుకుంటున్నాను.

మరో రెండు లోపాలు చెప్పాలి. ప్యాచ్ ఫైలును మార్చినంత మాత్రాన పోర్టేజ్ ఆ ప్యాకేజీని మళ్లీ కట్టదు. మనమే వన్‌షాట్ ఆప్షన్‌తో ఎమర్జ్ చేయాలి. 2023 డిసెంబరులో జెంటూ బైనరీ (ముందే కంపైల్ చేసిన) ప్యాకేజీలను విస్తృతంగా అందించడం మొదలుపెట్టింది. వాటిని వాడేవారి దగ్గర, బైనరీగా దిగిన ప్యాకేజీకి మన ప్యాచ్ పడదు, హెచ్చరిక కూడా రాదు. అందుకని ప్యాచ్ చేసిన ప్రతి ప్యాకేజీ పేరునూ, బైనరీ వాడవద్దని చెప్పే యూజ్‌పీకేజీ ఎక్స్‌క్లూడ్ ఆప్షన్‌లో చేర్చాను.

ప్రతి ప్యాచ్ ఫైలు పైభాగంలో అది ఎందుకు పెట్టానో, ఎక్కడ దొరికిందో రెండు వరుసలు రాసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచుతున్నాను. మూల రచయితలు అదే సవరణను తమ సోర్సులోకి తీసుకున్న రోజున నా ప్యాచ్ పడక బిల్డ్ ఆగుతుంది. అప్పుడు ఆ ఫైలును సంతోషంగా తొలగిస్తాను.