చుక్కలా, రసీదా? చిన్న వ్యాపారానికి ఏ సమీక్షల పద్ధతి మేలు

ఒక భోజనశాలో, క్షౌరశాలో, మరమ్మతుల దుకాణమో తెరిచిన కొద్ది రోజులకే, యజమాని అడిగినా అడగకపోయినా దాని పేరు ఏదో ఒక సమీక్షల వేదిక మీదికి ఎక్కుతుంది. ఆ తరువాత వచ్చే గిరాకీలో కొంత భాగం, ముక్కూముఖం తెలియని వాళ్లు అక్కడ రాసిన మాటల మీద ఆధారపడుతుంది. చేరాలా వద్దా అని ఆలోచించుకునే వీలు వ్యాపారికి పెద్దగా లేదు గనుక, తన సమయాన్నీ శ్రమనూ ప్రకటనల డబ్బునూ ఏ వేదిక మీద పెట్టాలన్నదే అతను తేల్చుకోవలసిన విషయం. అమెరికా, జపాన్, చైనా, దక్షిణ కొరియాలలో ఇందుకు నాలుగు వేరువేరు పద్ధతులు వేళ్లూనుకున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, నిజంగా వచ్చి వెళ్లినట్టు రుజువున్న మనిషి చేత మాటల్లో చెప్పించే పద్ధతే చిన్న వ్యాపారికి ఎక్కువ న్యాయం చేస్తుందని నాకు అనిపిస్తుంది.

అమెరికాలో 2004లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన యెల్ప్ అనే సమీక్షల వేదిక పద్ధతి అక్కడ అందరికీ తెలిసినదే. ఎవరైనా ఖాతా తెరిచి ఒకటి నుంచి ఐదు చుక్కల (స్టార్ రేటింగ్) వరకు ఇవ్వవచ్చు; కొన్నట్టు రుజువేమీ చూపనక్కరలేదు. గూగుల్ మ్యాప్స్‌లోనూ ఇదే దారి. ఈ పద్ధతి చిన్న వ్యాపారికి చేసిన మేలును తక్కువ చేసి చూడకూడదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా సియాటిల్ రెస్టారెంట్ల లెక్కలు పరిశీలించి, యెల్ప్‌లో ఒక చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని 2011లో చూపించాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ పెరుగుదల సొంతంగా నడిచే రెస్టారెంట్లలోనే కనిపించింది, ఒకే పేరుతో ఊరూరా నడిచే పెద్ద గొలుసు సంస్థల శాఖలలో కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గొలుసు సంస్థ బోర్డు చూడగానే లోపల ఏం దొరుకుతుందో కొత్తవాడికి తెలిసిపోతుంది. ఆ భరోసా లేని ఒంటరి దుకాణానికి చుక్కలే బోర్డు పని చేశాయి.

అయితే ఆ చుక్కలు ఎంత మొరటు కొలమానమో 2012లో ఆర్థికవేత్తలు మైఖేల్ ఆండర్సన్, జెరెమీ మగ్రూడర్ ప్రచురించిన అధ్యయనం దగ్గర నుంచి చూపిస్తుంది. యెల్ప్ అప్పట్లో సగటును దగ్గరలోని అర చుక్కకు సర్ది చూపేది. అసలు సగటు 3.74 ఉన్న రెస్టారెంటుకు మూడున్నర చుక్కలు, 3.76 ఉన్న దానికి నాలుగు చుక్కలు పడేవి. వంటలో, వడ్డనలో ఈ రెండింటికీ తేడా ఏమీ లేనట్టే. అయినా శాన్ ఫ్రాన్సిస్కోలో సాయంత్రపు బల్లలు ఏ మేరకు నిండిపోతున్నాయో లెక్క చూస్తే, అర చుక్క ఎక్కువ కనిపించే చోట అవి పూర్తిగా నిండిపోయే అవకాశం 19 శాతం పాయింట్లు ఎక్కువగా ఉంది. రెస్టారెంటు గురించి వేరే చోట సమాచారం దొరకనప్పుడు ఈ ప్రభావం మరింత పెరిగింది. అంటే ఎవరికీ తెలియని కొత్త వ్యాపారి మీదే ఆ అర చుక్క బరువు ఎక్కువగా పడుతుందన్నమాట.

మామూలు కూడికతో కూడా ఇది అర్థమవుతుంది. పది సమీక్షలున్న కొత్త దుకాణంలో తొమ్మిది మంది ఐదేసి చుక్కలిచ్చి, ఒక్కరు కోపంతో ఒక చుక్క ఇచ్చారనుకుందాం. సగటు 5 నుంచి 4.6కు పడిపోతుంది. దాన్ని 4.8కి తేవాలంటే మరో పది మంది వరసగా ఐదు చుక్కలివ్వాలి. అదే మిగతా అందరూ ఐదేసి చుక్కలిచ్చిన, రెండు వందల సమీక్షలున్న పాత దుకాణానికి ఆ ఒక్క చుక్క పడినా సగటు 4.98 దగ్గరే నిలుస్తుంది, చిన్న గీత పడినట్టు కూడా కనబడదు. పది మంది మంచి మాటను ఒక్కరి ఆగ్రహం మింగేసే ఈ లెక్క నిలదొక్కుకోవాలని చూసే వాళ్లకు అన్యాయం చేస్తుంది. ఆ ఒక్కరు అసలు దుకాణం గుమ్మం తొక్కారో లేదో కూడా ఈ పద్ధతిలో తెలియదు. గుమ్మం తొక్కకుండానే సమీక్షలు రాయవచ్చని 2017లో లండన్‌లో రుజువైంది. ఊబా బట్లర్ అనే పాత్రికేయుడు తన ఇంటి పెరట్లోని షెడ్డును రెస్టారెంటుగా ట్రిప్‌అడ్వైజర్ అనే సమీక్షల వేదికలో నమోదు చేసి, స్నేహితుల చేత సమీక్షలు రాయించి, లండన్ రెస్టారెంట్ల జాబితాలో దాన్ని మొదటి స్థానానికి తీసుకెళ్లాడు. అప్పటికి అక్కడ ఎవరికీ ఒక్క పూట భోజనం వడ్డించలేదు.

జపాన్‌లో 2005లో వచ్చిన తబెలాగ్ అనే రెస్టారెంట్ల సమీక్షల వేదిక ఈ మొరటుదనాన్ని మరో దారిలో సరిచేయాలని చూసింది. అక్కడ ప్రతి ఒక్కరి మాటకూ సమానమైన బరువు ఉండదు. ఎక్కువ చోట్ల తిని, చాలాకాలంగా రాస్తున్న వారి మాట ఎక్కువగా చెల్లుతుంది. మార్కులు కూడా పిసినారితనంతో పడతాయి. యెల్ప్‌లో 3.5 చూసి ముఖం తిప్పుకునే మనిషి, తబెలాగ్‌లో అదే 3.5 చూస్తే అది మంచి చోటని గ్రహించాలి; 4 దాటినవి బహు అరుదు. ఇందువల్ల దొంగ సమీక్షల బలం తగ్గుతుంది, ఓపికగా వండే చిన్న యజమానికి గౌరవం దక్కుతుంది. కానీ బరువులు ఎలా తూస్తారన్నది వేదిక గుప్పిట్లోనే ఉంటుంది. 2019లో తబెలాగ్ తన లెక్కింపును మార్చినప్పుడు కొన్ని గొలుసు రెస్టారెంట్ల మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి. వాటిని నడిపే ఒక సంస్థ కోర్టుకెక్కింది. తబెలాగ్ యాజమాన్య సంస్థ 3 కోట్ల 84 లక్షల యెన్లు చెల్లించాలని 2022లో టోక్యో జిల్లా కోర్టు ఆదేశిస్తే, 2024 జనవరిలో టోక్యో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వాదనలో ఎవరిది న్యాయమో పక్కన పెట్టినా, తన మార్కు ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి వ్యాపారి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి రావడమే ఈ పద్ధతిలోని పెద్ద లోపం.

చైనా సంగతి వేరు. 2003లో షాంఘైలో పుట్టిన డియాన్‌పింగ్ అనే సమీక్షల వేదిక, 2015లో కూపన్లు అమ్మే, భోజనం చేరవేసే మెయ్‌త్వాన్ సంస్థతో కలిసిపోయింది. ఇప్పుడు సమీక్ష, తగ్గింపు కూపన్, ప్రకటన, ఇంటికి చేరవేత అన్నీ ఒకే గూటి కిందికి వచ్చాయి. అక్కడే కొన్నవాడు అక్కడే రాస్తాడు గనుక, కొన్న రుజువు దొరకడం తేలికే. గిరాకీ కూడా ఇబ్బడిముబ్బడిగా వస్తుంది. కానీ మార్కులు వేసేదీ, ప్రకటనలు అమ్మేదీ, బేరం తెచ్చేదీ ఒకే సంస్థ అయినప్పుడు వ్యాపారికి మరో గుమ్మం మిగలదు. భోజనం చేరవేసే వ్యాపారంలో దుకాణదారులను తనతోనే ఉండాలని కట్టడి చేసినందుకు చైనా మార్కెట్ నియంత్రణ సంస్థ 2021లో మెయ్‌త్వాన్‌కు 344 కోట్ల యువాన్లకు పైగా జరిమానా వేసింది. ఆ జరిమానా సమీక్షల విషయంలో పడింది కాకపోయినా, ఒక్క సంస్థ చేతిలో గిరాకీ అంతా ఉంటే ఏమవుతుందో అది చెబుతుంది. చిన్న వ్యాపారికి ఆదాయం దృష్ట్యా ఇది బలమైన వేదికే అయినా, స్వేచ్ఛ దృష్ట్యా నాలుగింటిలోకీ ఇదే ప్రమాదకరమైనదని నా నమ్మకం.

దక్షిణ కొరియాలో నేవర్ అనే ఇంటర్నెట్ సంస్థ తొక్కిన దారి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కొన్న రసీదును ఫొటో తీసి చూపించి సమీక్ష రాసే వీలు ముందే కల్పించిన ఆ సంస్థ, 2021లో స్థానిక దుకాణాల సమీక్షలలో చుక్కలను తీసేసి, వాటి స్థానంలో "రుచిగా ఉంది", "శుభ్రంగా ఉంది" వంటి మాటలను ఎంచుకునే ఏర్పాటు తెచ్చింది. తక్కువ చుక్కలిస్తామని బెదిరించి దుకాణదారు నుంచి అదనంగా ఏదైనా రాబట్టుకునే వారి చేతిలోని ఆయుధం దీనితో మొద్దుబారుతుంది. అంతకంటే నాకు నచ్చింది ఇంకొకటుంది. వంట బాగున్నా బల్లలు ఇరుకైన చోటుకు చుక్కల పద్ధతిలో ఒకే అంకె పడి, ఏది బాగుందో ఏది బాగాలేదో తెలియకుండా పోతుంది. మాటలలో అయితే వంటకు వచ్చిన మెప్పు వంటకే నిలుస్తుంది, వ్యాపారి తన బలం ఏమిటో చదువుకుని తెలుసుకోగలడు. అయితే ఎంచుకోవడానికి ఇచ్చే మాటలన్నీ మెచ్చుకోళ్లే కావడం వల్ల లోపాలు కనబడకుండా పోయే ముప్పు ఉంది, రెండు దుకాణాలను పోల్చి చూడాలనుకునే కొత్తవాడికి ఇబ్బందే. రాతపూర్వకమైన విమర్శకు చోటు తెరిచి ఉంచితేనే ఈ పద్ధతి కొనేవాడికి కూడా న్యాయం చేస్తుంది.

చట్టాలు కూడా మెల్లగా ఈ రుజువు వైపే జరుగుతున్నాయి. సమీక్షలు నిజంగా కొన్నవారివేనా అని ఎలా సరిచూస్తున్నారో, అసలు చూస్తున్నారో లేదో వెల్లడించాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన 2022 మే నుంచి అమలులో ఉంది. దొంగ సమీక్షల అమ్మకాన్నీ కొనుగోలునూ నిషేధించే నియమాన్ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తెచ్చింది.

ఇక వ్యాపారం స్వభావాన్ని బట్టి ఎంపిక మారుతుంది. ఒక్కసారి వచ్చి మళ్లీ కనబడని ప్రయాణికుల మీద బతికే బసకు, భోజనశాలకు చుక్కలను వదులుకునే వీలు లేదు, ఎందుకంటే ఆ ప్రయాణికుడికి వేరే ఆధారం ఉండదు. నెలనెలా అదే మనుషులు వచ్చే క్షౌరశాలకు, కుట్టుపనివారికి చుక్కలతో పని తక్కువ. ఉన్న కొద్ది సమయాన్ని, పేరుపేరునా వివరంగా రాసిన సమీక్షలకు మర్యాదగా జవాబులివ్వడంలో పెట్టడం లాభం. నీటి గొట్టాలు బాగుచేసేవారిది మధ్యస్థితి: గొట్టం పగిలిన రాత్రి వెతికే మనిషి చుక్కలు చూసే పిలుస్తాడు, కానీ ఎన్ని గంటలకు వచ్చారు, ఎంత అడిగారు, మళ్లీ కారిందా అన్నది మాటల్లో చదివాకే తలుపు తీస్తాడు.